ఉపేందర్‌కు అరవై ఒక్క మంది చుట్టాలు

మానవజాతి నిజాయితీని ఎప్పుడు కనిపెట్టిందో ఎవరికీ తెలియదు గానీ, దాన్ని రెండు పేజీల ఫారంలో, నల్ల సిరాతో, గడి దాటకుండా నింపే పద్ధతి మాత్రం మొన్న జూన్ నెల రెండో సోమవారం ఉదయం పది గంటలకు, శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న నభోమార్గ్ కార్గో వారి గోదాములో అమల్లోకి వచ్చింది. అంతకుముందు కూడా అక్కడి రెండు వందల పన్నెండు మంది నిజాయితీగానే ఉండేవారు. కాకపోతే రుజువు లేదు. రుజువు లేని నిజాయితీ ఎంత ప్రమాదమో ముంబై హెడ్డాఫీసు వారికి ఆ ఏడే తెలిసింది.

కాబట్టి శ్రీకాంత్ గారు వచ్చారు. విజయవాడ వైపు మనిషి, మాట మెత్తన, చొక్కా గంజి. హోదా: నీతి, నియమపాలన విభాగాధిపతి. (విభాగంలో ఉన్నది ఆయనొక్కరే. అయినా అధిపతి లేని విభాగం కన్నా విభాగం లేని అధిపతి నయం కదా.) ఆయన వెంట ధర్మకాంట అనే యాప్ కూడా వచ్చింది. ఊళ్లో ధర్మకాంట లారీలను తూస్తుంది, ఇది మనుషులను తూస్తుంది. మనిషి సజ్జనుడైతే పేరు పక్కన పచ్చ టిక్కు, అనుమానం ఉంటే ఎర్ర చుక్క. దాన్ని తయారుచేసింది ఎండీ గారి బామ్మర్ది జగదీశ్ గారి సంస్థ. (టెండరు పిలవడానికి వ్యవధి లేకపోయింది. నీతి అత్యవసరం.)

ఈ పచ్చ టిక్కు కోసం గోదాములో అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్నవాడు ఉపేందర్. ఊరు మంఖాల్, పని ఫోర్క్‌లిఫ్ట్ నడపడం, పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే. ఇన్నాళ్లకు అతన్ని పర్మనెంట్ చేసే కాగితం టైపయి ఎండీ గారి సొరుగులో పడుకుంది. నెలాఖరులోగా టిక్కు పడితే కాగితం లేస్తుంది, లేకపోతే మళ్లీ ఏడాది పడుకుంటుంది. పర్మనెంట్ అయితే కంపెనీ ఆరోగ్య కార్డు వస్తుంది. కార్డు వస్తే పెద్ద దవాఖానలో అమ్మ భాగ్యమ్మ మోకాళ్లకు ఆపరేషన్ అవుతుంది. రెండేళ్లుగా ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. గోడ లేని చోటికి పోవడం మానేసింది.

అందుకే ఉపేందర్ శిక్షణను ప్రాణం పెట్టి విన్నాడు. ఎనభై నాలుగు స్లైడ్లు. చివర పరీక్ష. మొదటి ప్రశ్న: ఒక వ్యాపారి మీకు ఏనుగును బహుమతిగా ఇస్తే మీరేం చేస్తారు? ఏనుగు గోదాము షట్టర్‌లో పట్టదని ఉపేందర్ రాశాడు. సరైన జవాబు, ఏనుగును వినయంగా తిరస్కరించి బహుమతుల రిజిస్టర్‌లో నమోదు చేయాలి. సగం మార్కులిచ్చారు, కొలత సరిగ్గా చెప్పినందుకు.

తర్వాత ఫారం నీ-7 పంచారు. ‘ఈ సంస్థలో మీకు చుట్టరికం ఉన్నవారందరి పేర్లు, వరుస రాయండి. దాచుట నేరము.’ లోకం తెలిసినవాళ్లు ‘ఎవరూ లేరు’ అని గీకి టీకి పోయారు. ఉపేందర్ మాత్రం నేరమన్న మాట చూసి జంకి, ఫారాన్ని ఇంటికి తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాడు.

అక్కడే కొంప మునిగింది. మంఖాల్‌లో వరుసలకు భాగ్యమ్మే రికార్డాఫీసు. ఆ ఊళ్లో ఎవర్నీ వట్టి పేరుతో పిలవరు. రక్తం కలిసినా కలవకపోయినా ప్రతివాడూ ఎవరికో ఒకరికి మామ, బావ, చిన్నాయన అయి తీరాలి, లేకపోతే పిలవడమెట్లా? వంకాయ కూర పొయ్యి మీదుండగా ఆమె ప్యాకింగ్ మేస్త్రీ రాజయ్య చిన్నాయనతో మొదలుపెట్టింది. కూర దించి, అన్నం తిని, గిన్నెలు కడిగేసరికి యాభై తొమ్మిది మంది తేలారు. క్యాంటీన్ అమృతమ్మ అరవై. చివరికి గేటు దగ్గర సెక్యూరిటీ సఖావత్ వచ్చాడు. సఖావత్‌ను చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తాడు గానీ, అది ఫారంలో రాసే చుట్టరికమేనా అని ఉపేందర్‌కు అనుమానం వచ్చింది.

భాగ్యమ్మకు కోపమొచ్చింది. “మీ తాతకు ఒక్క ఎద్దు, వాళ్ల తాతకు ఒక్క ఎద్దు. రెండు కలిపి ఒక్క నాగలి కట్టిన్రు. ఆనాటి సంది బావ వరుసనే గదరా. రాయి. దాస్తే కండ్లు పోతయ్.”

రాశాడు. అరవై ఒకటి. ఫారంలో గడులు నాలుగే ఉన్నందున మిగతావాళ్లను మేనకోడలి లెక్కల నోట్‌బుక్ కాగితాల మీద ఎక్కించి సూదితో కుట్టాడు.

మర్నాడు శ్రీకాంత్ గారు పిలిపించి, కుర్చీ వేసి, నీళ్లిచ్చి, కబురు చెప్పారు. ధర్మకాంట అతన్ని సంస్థలోకెల్లా అత్యంత ప్రమాదకర వ్యక్తిగా గుర్తించింది. పేరు పక్కన ఎర్ర చుక్క పడి ఊరుకోలేదు, మోగుతోంది కూడా.

“గవన్నీ నిజమే సార్,” అన్నాడు ఉపేందర్.

“నిజమేనండి. అదే ఇబ్బంది.”

నిజానికున్న ఇంకో దుర్గుణం ఏమిటంటే అది పక్కవాడికి అంటుకుంటుంది. ఉపేందర్ పేర్కొన్నవారందరికీ ధర్మకాంట తాఖీదులు పంపింది. ‘మీకు ఎవరూ లేరని మీరు రాశారు. మీరు తనకు చిన్నాయన అని ఉపేందర్ రాశాడు. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో మూడు రోజుల్లో తెలుపగలరు.’ రాజయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. నాకు ఎవరూ లేరా, నేనేమన్నా దిక్కులేనోణ్ణా అని గోదాము మధ్యలో నిలబడి ఊగిపోయి, సాయంత్రానికి డెబ్బై నాలుగు పేర్లతో వచ్చాడు. డెబ్బై నాలుగు చూసి, గోదాములోనే పనిచేసే పక్కూరు మామిడిపల్లి వాళ్లు ఎనభై రెండు తెచ్చారు. చుట్టాలు తక్కువ పడితే ఊరి పరువేం కావాలి? వారం తిరిగేసరికి రెండు వందల పన్నెండు మందీ ఒకే కుటుంబమని తేలింది. బయట మిగిలింది కొత్తగా వచ్చిన శ్రీకాంత్ గారొక్కరే.

ఇక్కడ పద్నాలుగో నిబంధన నిద్ర లేచింది. చుట్టాలు చుట్టాల సంచులు తనిఖీ చేయరాదు, సరుకు తూచరాదు, సంతకం పెట్టరాదు. అంటే సఖావత్ ఎవరి సంచీ ముట్టుకోరాదు. రాజయ్య లెక్కపెట్టిన పెట్టెను మరొకరు సరిచూడరాదు. ఆ అర్హత ఉన్నవాడు, ఎవరికీ ఏమీ కానివాడు, ఒక్కడే. శ్రీకాంత్ గారు పొద్దున ఆరింటికి గేటు తీసేవారు. పదకొండు దాకా అన్నం డబ్బాల మూతలు తీసి చూసేవారు. పన్నెండింటికి కాంటా దగ్గర, రెండింటికి ముద్ర దగ్గర. దుబాయి పోవలసిన కరివేపాకు ఆయన సంతకం కోసం ఎదురుచూసి ఎదురుచూసి పొడి కొట్టుకోవడానికి సిద్ధమైంది. మూడో రోజుకు చొక్కాలో గంజి పోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం క్యాంటీన్ మెట్ల మీద కూలబడ్డారు.

అమృతమ్మ చూసి ఉండలేకపోయింది. ఉప్పేసి మజ్జిగ ఇచ్చింది, ఊరు అడిగింది, తల్లి పేరు అడిగింది. సుగుణమ్మ అని ఆయన చెప్పారు, తప్పేముందనుకుని.

“నా చెల్లె పేరు గదే,” అంది అమృతమ్మ. “గట్లయితే నువ్వు నాకు కొడుకువైతవ్. తాగు నాయనా.”

ఆయన తాగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఊరొచ్చాక తనను ఎవరో ఒకరు ఏదో ఒకటిగా పిలవడం అదే మొదలు. ఆమె మాత్రం అంతటితో ఆగలేదు. దాస్తే నేరమని తెలుసు కనుక నేరుగా ఆఫీసుకు పోయి, కొడుకు: శ్రీకాంత్ సారు అని రాయించి, వేలిముద్ర వేసింది. అయిదు నిమిషాల్లో ధర్మకాంట ఆసాంతం ఎర్రబడి ఆగిపోయింది. గోదాములో పెట్టెను ముట్టుకునే అర్హత ఇప్పుడు ఏ మానవుడికీ లేదు.

హెడ్డాఫీసు రెండు రోజులు మథనపడి, నిజాయితీకి నిజం అడ్డొస్తోందని తేల్చుకుని, కొత్త ఫారం పంపింది. ఇందులో ‘ఎవరూ లేరు’ అన్నది ముందే అచ్చువేసి ఉంటుంది. సంతకం పెడితే చాలు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు. పైపెచ్చు, ఆవరణలో అన్నా, అక్కా, బావా వంటి సాక్ష్యాధారాలు ఉచ్చరించరాదు. అందరూ అందరికీ సార్.

గోదాము గోదామంతా హాయిగా సంతకం పెట్టేసింది. ఉపేందర్ మాత్రం ఫారాన్ని మూడు రోజులు జేబులో మోశాడు. సిగ్గుగా ఉంది అతనికి. అరవై ఒక్క మందిని ఒక్క గీతతో చంపుతున్నట్టుంది. ఇంట్లో చెబితే భాగ్యమ్మ నూనె గిన్నె దగ్గరికి లాక్కుని మోకాలికి రాసుకుంది. శుక్రవారం నాలుగున్నరకు గేటు దగ్గర సఖావత్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆఖరిసారి నిబంధన మీరాడు.

“పెట్టెయ్ బావా. అత్తమ్మ నడవాలె. మనమేమన్న కాగితం మీద పుట్టినమా?”

ఉపేందర్ సంతకం పెట్టాడు. పచ్చ టిక్కు పడింది, సొరుగులోని కాగితం లేచింది. అంతే కాదు, నిజాయితీలో అత్యంత మెరుగుదల చూపినందుకు (అరవై ఒకటి నుంచి సున్నాకు) అతనికి పురస్కారం కూడా ప్రకటించారు. మర్నాడు సభ పెట్టి, శాలువా కప్పి, గాజు ఫలకం చేతిలో పెట్టింది జగదీశ్ గారు. ఆయన ఫారం మొదటి రోజు నుంచీ పచ్చగానే ఉంది. (ఎండీ గారిని ఆవరణలో ఆయన ఎన్నడూ బావా అనలేదు. సార్ అంటారు. శిక్షణ అంటే అదీ.)

ఆ సాయంత్రం ఉపేందర్ శాలువా, గాజు ఫలకం సంచిలో వేసుకుని గేటు దగ్గరికొచ్చాడు. గేటు మీద కెమెరా, కెమెరా కింద సఖావత్, సఖావత్ ముందు బహుమతుల రిజిస్టర్.

“ఇదెవరిచ్చిన్రు సార్?” అన్నాడు సఖావత్, మొహంలోకి చూడకుండా.

“కంపెనీ.”

ఆఖరి గడిలో ఇచ్చినవారితో చుట్టరికం రాయాలి. సఖావత్ పెన్ను పట్టుకుని అడిగాడు. “కంపెనీ మీకు ఏమైతది సార్?”

ఉపేందర్ వెనక్కి తిరిగి గోదాము వైపు చూశాడు. పదకొండేళ్లు.

“ఏం కాదు,” అన్నాడు.

సఖావత్ అట్లాగే రాసుకుని, యాప్‌లోకి ఎక్కించి గేటు తీశాడు. ఆ రోజు ధర్మకాంటకెక్కిన ఆ ఒక్క నిజానికి వెంటనే పచ్చ టిక్కు పడింది.