నాయకుల్ని మింగిన పీడీఎఫ్

పీడీఎఫ్‌ల ట్రాన్స్‌పరెన్సీ చెడిపోవుడు ఈ కాలపు గొప్ప వరం! నవ్వకుండ్రి. నేను సీరియస్‌గనే చెప్తున్న.

డిజైనర్లు దీన్ని రోగమంటరు. కంప్యూటర్ తెర మీద ఫొటో చుట్టూ వెలుగు, కింద మెత్తటి నీడ; వెనుకది అగుపించే ఈ పల్చటి పొరలే ట్రాన్స్‌పరెన్సీ. తీరా పీడీఎఫ్ చేసి ప్రింటుకు పంపితే అన్నీ పోయి తెల్ల డబ్బా మిగుల్తది. ఇందుల ఏడ్వడానికి ఏమున్నది?

రుద్రూర్ దిక్కు ఒక ఊర్ల జ్యోతిరాణి అని, చెరుకు కోతకు పోయే మనిషి. బిడ్డ అంకిత నిజామాబాద్‌ల డిగ్రీ చదువుతున్నది. పొద్దుగాల ఎక్కే బస్సు బందయింది. ఇట్లయితే చదువు కూడా బందేనని బిడ్డ ఏడ్చింది. జ్యోతిరాణి ఆడోళ్లను కూడగట్టింది. బస్సు డిపో ముందు ధర్నాకు కూసుందామని పాంప్లెట్ వేయించబోయింది.

ఊరి లీడర్ నర్సింలు ఊకుంటడా?

"జ్యోతక్కా, నా ఫొటో లేకుంటే ఎవలు సదువుతరు?"

ఆయన ఫొటో, ఆయన పైనోళ్లయి ఆరు. ఒక్కొక్కరి తల వెనుక ఒక సూర్యోదయం! బస్సు ముచ్చట అడుగున రెండు లైన్లు.

నిజామాబాద్‌ల శివకుమార్ డిజైన్ చేసిండు. పీడీఎఫ్ తెరిచి చూడకుండనే ప్రింటుకు పంపిండు. వెయ్యి కాయితాలు వచ్చినయి. ఏడుగురు నాయకులు గాయబ్! ఏడు తెల్ల డబ్బాలు, వాటి కింద 'మా పిల్లల బస్సు మాకు కావాలె'.

"తప్పయింది అక్కా, మళ్ల కొట్టిస్త" అన్నడు శివకుమార్, చెమటలు తుడుచుకుంట.

జ్యోతిరాణి కాయితాన్ని ఎగాదిగా చూసింది. "గిప్పుడే మంచిగ కనవడుతున్నది తమ్మీ. ఉండనీ."

జనం చదివిండ్రు! చదవడానికి ఇంకేమున్నది మరి? ఎనభై మంది ఆడోళ్లు డిపో ముందు కూసున్నరు. సోమవారం నుంచి బస్సు నడిచింది.

నర్సింలుకు మాత్రం నిద్ర పట్టలేదు. "నా మొకం ఏది?" అని శివకుమార్ మీద పడ్డడు. పాపం, శివకుమార్ ఈసారి రోగం కుదిర్చిండు. వెలుగును, నీడను ఫొటోతోని కలిపి ఒకటే బొమ్మ చేసి, అప్పుడు పీడీఎఫ్ తీసిండు. 'బస్సు తెచ్చిన నర్సింలన్నకు ధన్యవాదాలు' అని పన్నెండడుగుల ఫ్లెక్సీ! ఏం పనితనం! మీసంల వెంట్రుకలు లెక్కపెట్టచ్చు. దాన్ని తెచ్చి బస్టాపు ముందట్నే, నేల దాక అడ్డంగ కట్టిండ్రు.

తెల్లారి బస్సు ఆగకుండ పోయింది. ఫ్లెక్సీ వెనుక నిలబడ్డ పిల్లలు డ్రైవర్‌కు కనవడితే కదా! రెండోనాడు గూడ అంతే. అంకిత పరీక్ష ఒకటి పోయింది.

మూడోనాడు జ్యోతిరాణి చెరుకు కొట్టే కత్తి పట్టుకొచ్చింది. ఫ్లెక్సీల నర్సింలు మొకం ఉన్న కాడ నాలుగు దిక్కులా కోసి పారేసింది. ఆ సందుల నుంచి అంకిత తల బయటికి పెట్టి చెయ్యి ఊపింది.

బస్సు కీచుమని ఆగింది. డ్రైవర్ పరేషానయి అడిగిండు: "ఈ రెండు రోజులు యాడున్నరమ్మా మీరు?"

"గీడనే ఉన్నం అన్నా" అన్నది అంకిత. "నర్సింలన్న ఎనుక."