నతానియేలు చేతిరాత

ఆ ఉదయం నతానియేలు పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, కూతురు క్రిస్టినా పెళ్లి కార్డుల మీద చుట్టాల పేర్లు రాయాలి. ఇంటి పెద్ద చేత్తో పేరు రాయకపోతే భార్య మార్తకు అన్న, కంకిపాడులో ఉండే యేసుబాబు గడప తొక్కడు. కొడుకు ఆరోన్ పెళ్లికి వాట్సాప్‌లో కార్డు పంపినందుకు ఆయన రాలేదు సరికదా, అప్పటినుంచి చెల్లెలితో మాటే మానేశాడు. "ఈసారి కూడా మా అన్నయ్య రాకపోతే చర్చికి ఏ మొహం పెట్టుకుని వస్తానండీ" అని మార్త ముందే కళ్లు తుడుచుకుంది.

చిక్కల్లా నతానియేలు రాతతోనే. కోళ్లు కెలికిన పెంటకుప్ప కూడా అంతకన్నా కుదురుగా ఉంటుంది. మొదటి కార్డు చూడగానే ఆరోన్ పెన్ను లాక్కున్నాడు.

"చేతిరాతలా ఉండే ఫాంటు ఉంది నాన్నా. ప్రింటు కొట్టేద్దాం."

"మరీ ముత్యాల్లా ఉంటే పట్టేస్తార్రా."

"ఇది కాస్త పక్కకి వాలి ఉంటుంది. బాల్‌పెన్నుతో తీరిగ్గా రాసినట్టే."

నీలం రంగులో అచ్చు వేశారు. కార్డు అందగానే యేసుబాబు ఫోన్ చేశాడు.

"ఎంత ఓపిగ్గా రాశావయ్యా బావా. వస్తున్నా. మా నాన్న బైబిలు కూడా తెస్తా. మన ఇళ్లలో పెళ్లిళ్లన్నీ అందులోనే రాస్తాం గదా, క్రిస్టినాది నువ్వే రాయాలి. అందరి ముందూ."

మార్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నతానియేలుకు మాత్రం ముద్ద దిగలేదు. నిజం చెబితే యేసుబాబు రాడు. రాస్తే ఆ నిజం కాగితం మీదే బయటపడుతుంది. ఏ దారీ తోచక పెళ్లిరోజు పొద్దున్నే కుడిచేతికి కట్టు కట్టుకుని, బాత్రూంలో జారిపడ్డానన్నాడు.

పటమట చర్చిలో ప్రమాణాలు అయ్యాక పాస్టరుగారి కన్ను ఆ కట్టు మీద పడింది. వధూవరుల కోసం చేసినదానికన్నా ఆ చేతి కోసం చేసిన ప్రార్థనే పొడుగైంది. సంఘమంతా ఆమెన్ అంది.

"ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగారు పాస్టరుగారు.

నొప్పి ఉందంటే ప్రార్థన ఫలించనట్టు. లేదంటే పెన్ను పట్టాలి. కొత్త వియ్యంకులు కళ్లార్పకుండా చూస్తున్నారు.

"తగ్గిందండీ" అన్నాడు నతానియేలు చచ్చినట్టు.

చప్పట్లు మోగాయి. యేసుబాబు బైబిలు తెరిచి పెన్ను చేతికిచ్చాడు. పక్కనే మార్త, ఇన్నేళ్ల తరవాత అన్న చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు తనవల్లే ఆరిపోతుందని నతానియేలుకు ఏడుపొచ్చింది. ఇంక దాచలేకపోయాడు.

"బావగారూ, ఆ కార్డు మీద రాసింది నేను..."

"కాదని తెలుసులే. ఆ పై వరస చూడు."

పై వరసలో మార్త పెళ్లి ఉంది. ఆనాడు పెళ్లికొడుకు స్వయంగా రాసుకున్న పేరు, అవే కోడిగీతలు.

"మరి తెలిసీ ఎందుకొచ్చారు?"

"వాట్సాప్‌లో పడేసి ఊరుకోకుండా నాకోసం ఇంత తంటాలు పడ్డావు గదా, అందుకే. కట్టుదాకా వెళతావనుకోలేదు. ఊ, రాయి."

నతానియేలు కట్టు విప్పి, నాలుక కరుచుకుని, తన చేత్తోనే రాశాడు. క్రిస్టినాను చేసుకున్న అబ్బాయి పేరేమిటో ఆ బైబిల్లో ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు.