నాలుగుసార్లు నొక్కిన మీట

ఆ ఆదివారం ఉదయం సీ బూష్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా కింద హాల్లోని కంప్యూటర్ యంత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఆ తర్వాత నార్వే నుంచి సున్నివా మరమ్మతు ఫైలు పంపుతుంది. దాన్ని ఎక్కించి, పరీక్షించి, తన ముద్ర వేసి, నాలుగు గంటల లోపు లోకానికి వదలాలి. ఆ తర్వాత మొరాకోలోని తమ ఊరు తెతువాన్ పాత బజారుకు వెళ్లి రంజాన్‌కు తేనె తేవాలి. తేనె సంగతి భార్య రహిమో అప్పటికే మూడుసార్లు గుర్తు చేసింది. నాలుగు గంటల సంగతి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. పది రోజులుగా ఆయనకు అదే ధ్యాస.

బూష్తా సాంకేతిక పాఠశాలలో పంతులుగా చేసి రిటైరయ్యాడు; అందుకే అందరూ ఆయన్ని గౌరవంగా ‘సీ’ బూష్తా అంటారు. జీతం లేకుండా ఒక ఆపరేటింగ్ సిస్టంను నడిపే, ఆరు దేశాల్లో ఉన్న పదకొండుమందిలో ఆయనొకడు. అందులో రహస్య సంకేతాల లైబ్రరీలు ఉంటాయి. ఆసుపత్రి పంపే రిపోర్టూ, ప్రేమికులు రాసుకునే ఉత్తరమూ దారిలో ఎవరి కంటా పడకుండా కాపాడే తాళాలు అవి. తాళాలు తయారుచేసేది సున్నివా లాంటివాళ్లు. ఆ తాళాల తొమ్మిది వందల ఫైళ్లను ఏ వరసలో కలిపి కట్టాలో, ఒకటి మారితే ఏవేవి మళ్లీ కట్టాలో చెప్పే నియమాలు మాత్రం బూష్తావి. పద్నాలుగేళ్లుగా చేత్తో రాసి, చేత్తో సరిదిద్దుతున్నాడు. తాళం చేసినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. అది ప్రతి తలుపుకూ అమరేలా చూసే మనిషి పేరు, అమరని రోజున మాత్రమే గుర్తొస్తుంది. ఈ పద్నాలుగేళ్లలో అలాంటి రోజు ఒక్కటి కూడా రాలేదు.

ఇప్పుడు ఆ లైబ్రరీలో ఒక కన్నం బయటపడింది. కనిపెట్టినవాళ్లు మర్యాదస్తులు. ఆదివారం నాలుగింటిదాకా నోరు మెదపబోమని మాటిచ్చారు. నాలుగు దాటితే ప్రపంచమంతటికీ చెప్పేస్తారు, దొంగలతో సహా.

బూష్తా యంత్రానికి బయటి ప్రపంచంతో సంబంధం లేదు. ఏ దొంగా చొరబడకుండా ఆయన దానికి ఇంటర్నెట్ తీగే తగిలించలేదు. మేడ మీద గదిలో ల్యాప్‌టాప్, కింద హాల్లో యంత్రం, మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఫైళ్లన్నీ ఆయన జేబులో పెన్‌డ్రైవ్ ఎక్కి ఆ మెట్లమీదే తిరుగుతాయి. యంత్రం తెర ఖాళీగా ఉండటమెందుకని దానిమీద అరచేతి వెడల్పు అంకెలతో సమయం కనబడేలా పెట్టాడు. ఇంటిల్లిపాదికీ అదే గడియారం.

చిక్కల్లా అక్కడే ఉంది. రంజాన్ ముందు ఆదివారం మొరాకోలో గడియారాలు గంట వెనక్కి వెళతాయి. ఆ వారమంతా ఎవరు ఎవరికి సమయం చెప్పినా ఎదుటివాడు అడిగేది ఒకటే: “పాత గంటా, కొత్త గంటా?” తీగ లేని యంత్రానికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. రెండేళ్ల కిందట రహిమో పోరు పడలేక బూష్తా తెర పక్కన ఒక ఎర్ర మీట బిగించాడు. ఒకసారి నొక్కితే యంత్రం గడియారం గంట వెనక్కి పోతుంది. పదకొండుమంది రాసిన ప్రతి అక్షరాన్నీ అనుమానంగా చూసే మనిషి, తన ఇంటి మీటను మాత్రం అనుమానించలేదు. అలాంటి ఆదివారం ఆయన ఎన్నడూ పని పెట్టుకోకపోవడమే కారణం.

ఇక యంత్రం పద్ధతి చాలా సులువు. అది సమయం ఒక్కటే చూస్తుంది. కట్టిన ముక్క కన్నా, మనుషులు రాసిన దాని మూలం ఫైలు కొత్తదైతే ఆ ముక్కను మళ్లీ కడుతుంది. పాతదైతే ముట్టుకోదు. పైగా బూష్తా దానికి మర్యాద నేర్పాడు: తప్పు దొరికితేనే నోరు విప్పాలి, లేకపోతే పని అయిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవాలి.

ఉదయం నుంచి ఆరు గంటలపాటు మొత్తం లైబ్రరీని మొదటినుంచీ కట్టి, యంత్రం పాత గంట లెక్కన సరిగ్గా ఒంటిగంటకు పని ముగించింది. కొత్త గంట లెక్కన అప్పుడు పన్నెండు.

పన్నెండూ ఒక నిమిషానికి మామగారు హాజ్ అబ్దెన్నబీ హాల్లోకి వచ్చాడు. తెర చూశాడు. “నేను లేకపోతే ఈ ఇంట్లో ఎవరూ ఏదీ పట్టించుకోరు” అనుకుని మీట నొక్కాడు. వంటింట్లో గడియారం కూడా తిప్పాడు. ఇంతవరకూ అంతా సవ్యమే.

పన్నెండుంబావుకు మరమ్మతు వచ్చింది. బూష్తా మెట్లు దిగి ఎక్కించాడు. యంత్రం లెక్కన ఆ ఫైలు పన్నెండుంబావుది, కట్టిన ముక్కలు ఒంటిగంటవి. అంటే మూలమే పాతది. యంత్రం దాన్ని ముట్టుకోలేదు. పని అయిందని మర్యాదగా చెప్పింది. బూష్తా పరీక్ష నడిపాడు. కన్నం అలాగే ఉంది.

మళ్లీ మెట్లెక్కి నార్వేకి ఫోన్ కలిపాడు. “సున్నివా, నీ మరమ్మతు కన్నం మూయలేదమ్మా.”

“మూసింది సీ బూష్తా. ఇదిగో, నా కళ్లెదుటే మూసుకుని ఉంది.”

“నా కళ్లెదుట తెరుచుకుని ఉంది.”

“రెండుసార్లు చూశారా?”

“నేను ఏదైనా రెండుసార్లు చూడకుండా చెప్పానా ఎప్పుడైనా?”

“లేదు. అదే భయంగా ఉంది” అంది సున్నివా.

ఈలోగా కింద రహిమో రంజాన్ మిఠాయి షెబాకియా పిండి చేతులతోనే హాల్లోకి తొంగి చూసింది. తెర పన్నెండూ యాభై అంటోంది. వంటింటి గడియారమూ పన్నెండూ యాభై అంటోంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయంటే ఎవరూ మార్చలేదన్నమాట. మగవాళ్ల సంగతి తనకు తెలియనిది కాదు. మోచేత్తో మీట నొక్కి, వంటింటి గడియారం కూడా వెనక్కి తిప్పి, మూకుడు దగ్గరికి వెళ్లిపోయింది.

బూష్తా దిగాడు, తానే రెండు వరసలు సరిచేశాడు, మళ్లీ కట్టించాడు. కన్నం కదల్లేదు. ఎక్కాడు. దిగాడు. ఇంకో విధంగా ప్రయత్నించాడు. కన్నం ఆయన వంక చూసి నవ్వుతున్నట్టే ఉంది.

ఒంటిగంటా యాభైకి యంత్రం గడియారం పన్నెండూ యాభై దగ్గర ఉంది. ఇంకో పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకుండా ఉంటే కథ అక్కడితో ముగిసేది. సరిగ్గా అప్పుడే కూతురు వియామ్ బయటినుంచి వచ్చింది. ఆ రోజు ఫోన్ చూపించేది పాత గంటో కొత్త గంటో ఫోన్‌కే తెలియదు. తెర చూసింది, వంటిల్లు చూసింది, రెండూ ఒకటే కాబట్టి ఎవరూ మార్చలేదని తేల్చి మీట నొక్కింది.

“వియామ్! హాల్లో గంట మార్చావా?” మూకుడు హడావిడిలో తాను మార్చిన సంగతే మరిచి వంటింట్లోంచి రహిమో కేక వేసింది.

“ఆఁ, మారుస్తున్నానమ్మా!” తల్లి మాట జవదాటని పిల్ల. ఇంకోసారి నొక్కింది.

రెండింటికి చెక్ దేశంలోని బ్ర్నో నుంచి, ఆ పదకొండుమందిలో ఒకడైన రాదిమ్ అందరినీ ఒకే కాల్‌లోకి లాగాడు. ముప్పై దాటని వాడు. చురుకైనవాడు. బూష్తా నియమాలను పక్కనపెట్టి, తాను తయారుచేసిన కొత్త పద్ధతి తేవాలని ఏడాదిగా పోరుతున్నాడు.

“సీ బూష్తా, మీ మీద గౌరవం ఉంది. కానీ సున్నివా దగ్గర పనిచేసేది మీ దగ్గర చేయడం లేదంటే తప్పు ఎక్కడున్నట్టు? చేత్తో రాసిన నియమాలు. మీకు తప్ప ఎవరికీ అర్థం కావు.”

“అర్థం కాకపోవడం వాటి తప్పు కాదు బాబూ.”

“నాలుగింటికి బయటికి వెళ్లకపోతే?”

బూష్తాకు రోషం వచ్చింది. “తప్పు నా నియమాలదే అయితే రేపటినుంచి అవి నీవి. నాకు వీడ్కోలు ఉత్తరం కూడా అక్కర్లేదు.”

పద్నాలుగేళ్లు. కూతురు మొదటి పలక పట్టిన రోజు, తల్లి పోయిన రోజు, ఏ రోజూ ఆ నియమాలను అనాథగా వదల్లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఏ మూలో నిశ్చింతగా ఉత్తరం రాసుకోవడానికి తాను మేలుకుని ఉన్నానన్న ఒక్క తృప్తి, ఆ పని ఆయనకిచ్చిన జీతం.

ఈలోగా వార్త మిగతా పదకొండుమందిలో పాకింది. పోర్చుగల్‌లో వాళ్ల వెబ్‌సైట్ బాగోగులు చూసేవాడు “కాసేపు ఆగండి” అని బోర్డు పెట్టాడు. అది చూసి జనం భయపడి ఒక్కసారిగా మీదపడేసరికి సైటే ఆగిపోయింది. బ్రెజిల్‌లో ఒకతను ముందు జాగ్రత్తగా తన ఊరి గ్రంథాలయం కంప్యూటర్లన్నీ ఆపేసి, పిల్లల శాపనార్థాలు తింటున్నాడు.

మూడున్నరకు సున్నివా కొత్త ఫైలు పంపింది. “ఒక మాట చెప్పాలి, కానీ ముందు ఇది ఎక్కించండి” అంది. బూష్తా పరుగున దిగి ఎక్కించాడు. పని అయిందంది యంత్రం. పరీక్ష నడిపాడు. కన్నం ఉంది.

ఆయన యంత్రం ముందు చాప మీద కూలబడ్డాడు. రహిమో టీ గ్లాసు, రెండు షెబాకియాలు తెచ్చి పక్కన పెట్టింది.

“తిను. ఖాళీ కడుపుతో ఎవరినీ కాపాడలేవు.”

“ఇరవై నిమిషాల్లో నా పని పోతుంది రహిమో.”

“పోతే తేనె తేవడానికి తీరిక దొరుకుతుంది” అంది గానీ, ఆమె అక్కడినుంచి కదల్లేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

అప్పుడే వీధి చివరి మసీదునుంచి, మధ్యాహ్నం మూడు దాటాక చదివే అసర్ నమాజు పిలుపు వినిపించింది. హాజ్ అబ్దెన్నబీ లేచి చెప్పులు వెతుక్కుంటూ తెర వంక చూసి ఆగిపోయాడు.

“ఈ ముఅజ్జిన్‌కి మతి పోయిందా ఏం? పన్నెండూ నలభైకి అసర్ పిలుస్తున్నాడు!”

బూష్తా నోట్లో షెబాకియా నోట్లోనే ఉండిపోయింది. తల ఎత్తి ఆ అరచేతి వెడల్పు అంకెలు చూశాడు. తర్వాత ఎర్ర మీట చూశాడు.

“ఎవరు నొక్కారు దీన్ని?”

“నేనే బిడ్డా. నేను గుర్తు పెట్టుకోకపోతే ఎవరున్నారు? ఒక్కసారే” అన్నాడు హాజ్.

“మీరు నొక్కారా? నేనూ నొక్కానే” అంది రహిమో.

వియామ్ రెండు వేళ్లు చూపించింది. “బాబా, ఒకటి నాది. ఒకటి అమ్మది.”

బూష్తా లేచిన వేగానికి టీ గ్లాసు పల్టీ కొట్టింది. మొత్తం మళ్లీ కట్టాలంటే ఆరు గంటలు. చేతిలో ఉన్నవి పద్దెనిమిది నిమిషాలు. ఆయన మొత్తం కట్టలేదు. గడియారం సరిచేశాడు, మారిన రెండు ఫైళ్ల మీద మాత్రం కొత్త సమయం వేశాడు, పని మొదలుపెట్టమన్నాడు. ఏ ముక్క ఏ ముక్క మీద ఆధారపడి ఉందో పద్నాలుగేళ్లుగా వెంట్రుకవాసి తేడా లేకుండా రాసిన నియమాలు అప్పుడు మేల్కొన్నాయి. తొమ్మిది వందల్లో తొమ్మిదింటినే ఏరుకున్నాయి. పదో దాన్ని తాకలేదు. ఎనిమిదితో ఆగలేదు. నాలుగు నిమిషాల్లో పని అయింది.

పరీక్ష నడిచింది. కన్నం లేదు.

ముద్ర వేసి పెన్‌డ్రైవ్ పీకేసరికి మూడూ యాభై. ఇరవై రెండు మెట్లు ఎక్కడానికి ఆ మనిషికి ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు గానీ, మూడూ యాభై మూడుకు మరమ్మతు ప్రపంచంలో ఉంది.

తర్వాత ఆయన కాల్‌లోకి వెళ్లి, మీట సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు. “మీటను బిగించింది నేనే. తప్పు నాది. రాదిమ్, మాట ప్రకారం నియమాలు నీవి” అన్నాడు.

“ఇప్పుడు నా మాట వినండి” అంది సున్నివా. “పన్నెండున్నరకు మీరు బాగుందని చెప్పి ఉంటే నేను కాఫీ తాగి పడుకునేదాన్ని. మీరు బాగాలేదన్నారు. సీ బూష్తా బాగాలేదన్నారంటే ఎక్కడో తప్పు ఉండే ఉంటుందని మూడు గంటలు ప్రతి వరసా తిరగేశాను. మొదటిది నిజంగానే మూసుకుంది. కానీ దాని పక్కనే ఇంకో కన్నం ఉంది. ఎవరూ చూడనిది. రెండో ఫైలు దానికోసమే. మీ గడియారం సరిగ్గా ఉండుంటే ఇవాళ మనం సగం తలుపు తెరిచి పెట్టి పండగ చేసుకునేవాళ్లం.”

రాదిమ్ అందుకున్నాడు.

“నేను కూడా కొత్త పద్ధతిలో ఇదే కట్టి చూశాను. మొత్తం మొదటినుంచీ కట్టడం మొదలుపెట్టింది. ఇంకా కడుతోంది. మీకెంత పట్టింది?”

“నాలుగు నిమిషాలు.”

“తొమ్మిదే ముక్కలని వాటికెలా తెలిసింది?”

“పద్నాలుగేళ్లు చెప్పాను బాబూ. తెలియకేం?”

“వచ్చే వారం తీరిక ఉంటే,” ఆ కుర్రవాడి గొంతు తగ్గింది, “నాకూ చెబుతారా?”

ఆ సాయంత్రం బూష్తా ఎర్ర మీటను పీకేశాడు. తేనె తేవడం మాత్రం మర్చిపోయాడు. మర్నాడు మరమ్మతు గురించి వెలువడిన ప్రకటన చివర, కృతజ్ఞతల జాబితాలో పదకొండుమంది పేర్ల కింద సున్నివా ఇంకో మూడు పేర్లు గౌరవంగా చేర్చింది: లల్లా రహిమో, వియామ్, హాజ్ అబ్దెన్నబీ.

అందరికన్నా ముందు నొక్కింది తానైతే తన పేరు చివర ఎందుకొచ్చిందని హాజ్ ఇప్పటికీ అల్లుణ్ణి నిలదీస్తూనే ఉన్నాడు.