ఊరంతా వదిలి వేరుకాపురం

మానవజాతి పుట్టినప్పటి నుంచీ మనుషులు ఇళ్ళు వదిలి వెళ్తూనే ఉన్నారు. అలిగి వెళ్ళినవారున్నారు, చెప్పాపెట్టకుండా వెళ్ళినవారున్నారు, మెడపట్టి గెంటితే వెళ్ళినవారూ ఉన్నారు. అయితే వెళ్ళిపోతున్నానని ముందుగా చాటింపు వేసి, వెళ్ళి, తాను లేని లోటు ఎవరికైనా తెలుస్తోందేమోనని మర్నాడే వచ్చి కిటికీలోంచి తొంగి చూసుకునే సౌకర్యం మాత్రం మన తరానికే దక్కింది. ఆ సౌకర్యాన్ని సంపూర్ణంగా వాడుకున్న పౌరుల్లో పళ్ళ సెట్లాయన ఒకరు.

పళ్ళ సెట్లాయన అంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు నోట్లో కొలత తీసి పంపితే, దానికి సరిపడా పై వరసా కింది వరసా తయారుచేసి పెట్టే మనిషి. మెట్ల కింద చిన్న గది, అందులో ఒక బల్ల, బల్ల మీద మైనం, గులాబీ రంగు చిగుళ్ళ పొడి, గోడ పొడుగునా అరల్లో ఇతరుల దవడల తెల్లటి అచ్చులు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పెద్దవాళ్ళ నవ్వులు చాలావరకూ ఆయన చేతిమీదుగా వెళ్ళినవే (ఆ పెద్దవాళ్ళెవరూ ఆయన ఎదురుపడితే నవ్వరు, అది వేరే సంగతి).

రోజూ పొద్దున్నే ఆయన పూర్తయిన సెట్టును నల్లగుడ్డ మీద పెట్టి ఫొటో తీసి, ‘ఊరంతా’ అనే యాప్‌లో పెట్టేవాడు. కింద ‘నేటి సెట్టు, శుభోదయం’ అని రాసేవాడు. ఊరంతాలో కోట్లాదిమంది ఉన్నారని వాళ్ళే చెప్పుకుంటారు. ఆ కోట్లమందిలో ఆయన పళ్ళకు క్రమం తప్పకుండా బొటనవేలు చూపించేది ఒక్కరే. ఆయన అక్క. పక్క వీధిలో ఉంటుంది. లెక్కల టీచరుగా చేసి విశ్రాంతి తీసుకుంటోంది.

ఈ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు పోయి మూడేళ్ళు. అప్పట్లో వాళ్ళ కుటుంబానికి ఒక గ్రూపు ఉండేది, దానికి తమ్ముడే అధికారి. ఒకరోజు ఆయన ‘ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటే చిగుళ్ళు గట్టిపడతాయి’ అని ఎక్కడినుంచో వచ్చినదాన్ని గ్రూపులోకి తోశాడు. అక్క “ఎవరు చెప్పారు?” అని అడిగింది. “అందరూ చెప్తున్నారు” అన్నాడు. “అందరూ అంటే ఎంతమంది?” అంది. లెక్కల టీచరుకు అది మామూలు ప్రశ్న. బావమరుదులూ తోడల్లుళ్ళూ చూస్తున్న గ్రూపులో అధికారికి మాత్రం అది మామూలు ప్రశ్న కాదు. ‘క్రమశిక్షణ చర్యగా అక్కయ్యను పది నిమిషాలు బయట నిలబెట్టడమైనది’ అని రాసి, ఆమెను గ్రూపులోంచి తీసేశాడు.

నవ్వుకుంటారనుకున్నాడు. పది నిమిషాలయ్యాక తిరిగి చేర్చబోతే, ఆమెను ఏ గ్రూపులోనూ చేర్చే అధికారం ఎవరికీ లేదని యాప్ చెప్పింది. జీవితమంతా పిల్లల్ని బయట నిలబెట్టిన మనిషి తాను బయట నిలబడాల్సి వచ్చేసరికి, ఇక లోపలికి రాదల్చుకోలేదు.

మాటలు పోయాయి గానీ బొటనవేలు మిగిలింది. ‘బతికే ఉన్నాను, నువ్వు బతికే ఉన్నావని చూశాను, అంతకుమించి అడక్కు’ అని దాని అర్థం. ఆ వేలు కనిపించేదాకా ఆయన టీ తాగేవాడు కాదు.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి ఊరంతా వారి నైతిక విభాగం దిగింది. ఒకరోజు నేటి సెట్టు మీద ఎర్రటి చీటీ పడింది. ‘మీరు శరీర భాగాల ప్రదర్శనకు పాల్పడ్డారు. అభ్యంతరం ఉంటే నోటి వ్యవహారాల ఉపసంఘానికి విన్నవించుకోవచ్చు’ అని దాని సారాంశం. ఆయన విన్నవించుకున్నాడు. చిత్రంలోని పళ్ళు ఎవరివని ఉపసంఘం అడిగింది. “ప్రస్తుతం ఎవరివీ కావు, సాయంత్రానికి ఒకాయనవి అవుతాయి” అని ఉన్నమాట రాశాడు. ‘కాబోయే యజమాని అంగీకార పత్రం జతచేయండి. మీరు మనిషే అని రుజువుగా, పళ్ళు కనిపించేలా నవ్వుతూ ఒక ఫొటో పంపండి’ అని జవాబొచ్చింది. ఆయన నవ్వుతూ పంపాడు. శరీర భాగాలను రెండోసారి ప్రదర్శించినందుకు రెండో చీటీ పడింది.

చివరికి ఉపసంఘం మధ్యంతర తీర్పు ఇచ్చింది. ‘మీ విన్నపం పరిశీలనలో ఉంది. ఈలోగా మీ చిత్రాలు వాటిపై నిజమైన ఆసక్తి గలవారికి మాత్రమే చూపబడతాయి.’ ఇందులో ఆయనకేమీ తప్పు కనిపించలేదు. అక్కకు కాకపోతే ఇంకెవరికుంటుంది ఆసక్తి అనుకున్నాడు.

మర్నాడు బొటనవేలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. టీ చల్లారింది.

“వదినకు కోపం వచ్చినట్టుంది,” అంది ఆయన భార్య, కప్పు తీసేస్తూ. “పక్క వీధే కదండీ. వెళ్ళి అడగొచ్చుగా.”

“అడగడానికి ఏదో ఒకటి ఉండాలిగా.”

“వేలెందుకు చూపించట్లేదని అడగండి.”

“ఎవరైనా వింటే బాగుంటుందా?”

బాగుండదని ఆవిడా ఒప్పుకుంది. ఆయన మాత్రం వారంపాటు కొలతలు తప్పుతూనే ఉన్నాడు. ఒక సెట్టులో కోరపళ్ళు అటువి ఇటూ ఇటువి అటూ పెడితే, డాక్టరు దాన్ని వెనక్కి పంపుతూ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

వేలు పోయాక ఊరంతాలో ఆయనకు మిగిలినవి చెప్పుల ప్రకటనలు, ముక్కూమొహం తెలియనివాళ్ళ తగాదాలు, పదకొండేళ్ళ కిందట తానే పెట్టిన ఫొటోను ‘గుర్తుందా’ అంటూ చూపించే ఆప్యాయతా మాత్రమే. చిరాకు తలకెక్కింది. ‘ఈ చోటు మనుషులకు పనికిరాదు. వెళ్ళిపోతున్నాను’ అని మూడు రోజులు వరసగా వీడ్కోలు సందేశాలు పెట్టాడు. వాటిపై నిజమైన ఆసక్తి ఎవరికీ ఉన్నట్టు తేలకపోవడంతో, వ్యవస్థ వాటినీ ఎవరికీ చూపించలేదు. ప్రయాణం సంగతి పసిగట్టి ఆయనకు మాత్రం సూట్‌కేసుల ప్రకటనలు చూపించింది. ఖాతా తీసేయమని మీట నొక్కితే మరో చీటీ వచ్చింది. ‘మీ నిష్క్రమణ పరిశీలనలో ఉంది. తేలేవరకు మీరు లోపలే ఉన్నట్టు భావించబడతారు.’

అప్పటికే లోకంలో ‘వేరుకాపురం’ అని ఒకటి మొదలై ఉంది. అందులో అందరినీ ఏలే ఆసామి ఎవరూ ఉండడు. ఎవరి ఇల్లు వారిది, ఎవరి నియమాలు వారివి. నచ్చిన ఇంట్లో చేరొచ్చు. ఒక ఇంటికీ మరో ఇంటికీ రాకపోకలుంటే ఇక్కడి మాట అక్కడికి చేరుతుంది, లేకపోతే లేదు. ఉమ్మడి కుటుంబాలు ఎలా పనిచేస్తాయో తెలిసినవారెవరూ దీన్ని కనిపెట్టి ఉండరని ఒక్క చూపులోనే తెలిసిపోతుంది.

పళ్ళ సెట్లాయన చేరిన ఇంటి పేరు ‘తలుపు తీసే ఉంది’. దాని యజమాని లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇల్లంటే, వాళ్ళ వంటగదిలో ఫ్రిజ్ పక్కన స్టూలు మీద ఉన్న పాత కంప్యూటరు. చేరేముందు ఊరంతాను ఎందుకు వదిలారో రెండు పేజీలకు తగ్గకుండా రాయాలి, మళ్ళీ వెళ్ళనని మాటివ్వాలి, నలభై ఒక్క నియమాలు చదివి నలభై రెండోది సూచించాలి. లోపల ప్రకటనలు లేవు. నిఘా లేదు. ఎవరికేది చూపాలో తేల్చే ఉపసంఘమూ లేదు. రోజుకోసారి మెకానిక్కు వాళ్ళమ్మ వంటగది తుడవడానికి ప్లగ్గు పీకేది. అప్పుడు మాత్రం తెర మీద ఒక ప్రకటన కనిపించేది: ‘అమ్మ తడిగుడ్డ పెడుతున్నారు. స్వేచ్ఛ కాసేపట్లో పునరుద్ధరించబడుతుంది.’

పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఒకటే, ఊరంతా ఎంత చెడిపోయిందో. కొందరు ఇంకా ఎంత చెడిపోయిందో చూసి రావడానికి రహస్యంగా వెళ్ళొచ్చి, వివరాలు చెప్పేవారు. ఆయన పళ్ళ సెట్టు పెడితే మాత్రం అందరూ పద్ధతిగా మెచ్చుకున్నారు. ఒక్కరోజులో పదిహేడు బొటనవేళ్ళు వచ్చాయి. పళ్ళ సెట్లాయన పదిహేడింటినీ చూసి, అందులో అక్కది లేదని తేల్చుకుని, టీ పక్కకు జరిపేశాడు.

“వదిన కూడా ఊరంతా వదిలేసిందట,” అంది భార్య ఒక సాయంత్రం, కూరల సంచి దించుతూ. “కొట్టు దగ్గర కనిపించి చెప్పింది. వేరుకాపురంలోనే ఏదో ‘నల్లబల్ల’ అట, రిటైరైన టీచర్ల ఇల్లు. నెలకొకరు యజమానట. ఈ నెల వంతు ఈవిడదే.”

“ఎందుకు వదిలిందట?”

“అది చెప్పలేదు. మీరెలా ఉన్నారని కూడా అడగలేదు. పళ్ళు చేస్తున్నాడా అని మాత్రం అడిగింది.”

ఆయన ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి, మర్నాడు ఎప్పుడూ చేయనంత చక్కటి సెట్టు చేశాడు. ముందు పన్ను కాస్త ఒరిగినట్టు, నిజమైన పన్నే అనుకునేటట్టు. నల్లబల్లకూ తమ ఇంటికీ రాకపోకలున్నాయని కనుక్కుని మరీ ఫొటో పెట్టాడు.

ఆ ఫొటో నల్లబల్లకు చేరేసరికి అక్కడ ఒక చరిత్ర మాస్టారు టిఫిన్ చేస్తున్నారు. తినే వేళ ఒంటరి దవడ ఎదురుకావడం శిష్టాచారం కాదని ఆయన ఫిర్యాదు చేశారు. ‘నవ్వుతున్నట్టు కనిపించి నవ్వని చిత్రాలకు’ ముందు పరదా వేయాలని నల్లబల్ల తీర్మానించింది. స్వేచ్ఛకు పరదా ఉండదని ‘తలుపు తీసే ఉంది’ ఇంటివారు తీర్మానించారు. లేఖలు నడిచాయి. నల్లబల్లవారు మెకానిక్కు లేఖలోని తప్పులు దిద్ది, ఇరవైకి తొమ్మిది మార్కులు వేసి తిప్పి పంపారు. మెకానిక్కు రోషపడి, ఆ టీచర్లలో కొందరుండే భవనంలో లిఫ్టు చూడనని ప్రకటించాడు (వారిలో ఆరుగురికి మోకాళ్ళ నొప్పులు). మధ్యవర్తిత్వానికి వచ్చిన, పిల్లుల ఫొటోలు పెట్టుకునేవారి ఇల్లు ఎటు మొగ్గాలో తేలక రెండు పిల్లుల ఇళ్ళయింది.

చివరికి ఒక ఉదయం నల్లబల్లనుంచి అధికారిక ప్రకటన వెలువడింది. పళ్ళ సెట్లాయన అప్పుడే ఒక దవడ అచ్చు పోసి, అది గట్టిపడేందుకు పక్కన పెట్టి, చేయి తుడుచుకుని ఫోను తీశాడు. ‘తలుపు తీసే ఉంది ఇంటితో రాకపోకలు నిలిపివేయడమైనది’ అని ఉంది. కారణం అన్నచోట ఒకే వాక్యం: ‘క్రమశిక్షణ చర్యగా పది నిమిషాలు బయట నిలబెట్టడమైనది.’ కింద ఈ నెల యజమానురాలి హోదాలో అక్క సంతకం.

ఆయన ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. మాట మాట తనదే. మూడేళ్ళూ ఆమె దాన్ని మర్చిపోలేదన్నమాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దాంతోపాటే, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా, చాలా సంతోషం వేసింది. తనను కూడా మర్చిపోలేదుగా.

అచ్చు గట్టిపడటానికీ సుమారు పది నిమిషాలే పడుతుంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. క్షమించమని రాయాలనుకుని రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. అచ్చు గట్టిపడింది. పది నిమిషాలయ్యాయి, దాటాయి. తలుపు తెరుచుకోలేదు. ఇంకోసారి చూస్తే తెర మీద ప్రకటన కనిపించింది: ‘అమ్మ తడిగుడ్డ పెడుతున్నారు.’

అక్క అవతల తలుపు తీసిందో లేదో తెలుసుకునే దారి లేదు. తీసి ఉంటే, ఇవతల ఎవరూ లేరనుకుంటుంది. పళ్ళ సెట్లాయన చేతికంటిన తెల్లటి పిండి కూడా కడుక్కోకుండా, మెట్ల కింద గది తెరిచి వదిలేసి, పక్క వీధికి నడిచాడు. నడిస్తే పాటపాడినంత సేపు కూడా పట్టలేదు.

తలుపు అక్కే తీసింది. చేతిలో ఫోను, నుదుటి మీద కళ్ళజోడు.

“పది నిమిషాలయింది,” అన్నాడు.

“నాకు మూడేళ్ళయింది. లోపలికి రా.”

ముందుగదిలో రెండు కుర్చీలు. ఆయన కూర్చోలేదు.

“బొటనవేలు ఎందుకు ఆపేశావక్కా?”

“పళ్ళు ఎందుకు ఆపేశావురా నువ్వు?”

“నేనెక్కడ ఆపాను? రోజూ పెడుతూనే ఉన్నా.”

“నాకొక్కటీ రాలేదు. ఎంత కిందకు జరిపినా చెప్పులే వచ్చేవి.” ఆమె గొంతు కాస్త తగ్గింది. “అక్కడినుంచి కూడా నన్ను తీసేశావనుకున్నా. ఇంకెందుకులే అని బయటికొచ్చేశా.”

ఆసక్తి గలవారి జాబితాలో అక్క లేదని అప్పుడు తెలిసింది. ఒక్క ముక్క రాయకుండా వేలు మాత్రం చూపించేవారిని ఉపసంఘం లెక్కలోకి తీసుకోలేదు కాబోలు.

“ఈసారి నేను తీయలేదక్కా. అప్పుడు తీసినందుకు మాత్రం తప్పు నాదే.”

“తెలుసు,” అంది అక్క. కుర్చీ ఆయన వైపు జరిపింది. “కూర్చో. ఆ ఒరిగిన పన్ను బాగా చేశావు. ఆ మాస్టారికి కడుపులో తిప్పిందంటే, నిజమైన పన్నులా ఉన్నట్టేగా.”

ఆయన కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. నిష్క్రమణ ఇంకా తేలనందున లోపలే ఉన్నట్టు భావించబడుతున్న పౌరుడికి, ఊరంతానుంచి వచ్చిన సందేశం. పక్కనే అక్క ఫొటో ఉంది.

“ఏమంటోంది?” అంది అక్క.

“నువ్వు నాకు తెలిసినదానివి కావచ్చట. అవునో కాదో చెప్పమంటోంది.”

అక్క నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, ఆ తెర వంకా తమ్ముడి వంకా మార్చి మార్చి చూసింది.

“పరిశీలనలో ఉందని చెప్పు,” అంది.