ఇసుకగుంటకు శాలువా

అదొక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, ఈ చివర ఏనుగు తుమ్మితే ఆ చివర కోతి ‘చిరంజీవ’ అనడానికి వారం పట్టేది.

అందులో పిల్లుల వాడ. వాడ మొత్తానికీ కాలకృత్యాలకి ఒకటే ఇసుకగుంట. తెల్లారేసరికి పేడపురుగు పుల్లమ్మ వచ్చి, తడిసిన ఇసుకని ఉండలు కట్టి దొర్లించుకుపోయి, కొత్త ఇసుక పోసేది. ఏ పిల్లీ ఆమెకేసి చూసిన పాపాన పోలేదు.

వాడ మెంబరు గండుపిల్లి ముద్దయ్య. ఒక్కో మీసం మూరెడు. ఒకనాడు పంచాయతీలో లేచి ఆ మీసం దువ్వాడు.

“మేం కుక్కలం కాదండీ, ఎక్కడంటే అక్కడ వదిలేసి పోవడానికి. మాది మేమే కప్పెట్టుకుంటాం. తాతలనాటి ఆచారం!”

సర్పంచి నక్క నేర్పయ్య చెవులు రిక్కించాడు. “అయితే మెంబరుగారూ, మీ గుంటలో మురికి కనపడదన్నమాట.”

“మచ్చుకైనా కనపడదు.”

“కనపడనిది లేనట్టే కదా! మరి పుల్లమ్మ దేనికి?”

ముద్దయ్యకి అది పొగడ్తలా వినపడింది. తీర్మానం మీద పంజా ముద్ర వేసేశాడు. పుల్లమ్మ పని ఊడింది.

“పోతాలే ముద్దయ్యబాబూ,” అంది ఆమె పోతూ పోతూ. “కప్పితే కంటికే దాపరికం, ముక్కుకి కాదు.”

వారం తిరిగేసరికి గుంట కంపుకి ఆకాశంలో గద్దలు మూర్ఛపోయి రాలాయి. పిల్లికేమో పాదానికి తడి తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది. ముద్దయ్య గుంటదాకా రావడం, ఒక పంజా పెట్టి చూడడం, విదిలించుకుని వెనక్కి పోవడం. బిగబట్టుకోవడం నేర్చాడు. నీళ్లు తాగితేనే కదా ఈ బాధ అని నీళ్లూ మానేశాడు.

“పంచాయతీలో చెప్పరాదూ?” అంది పెళ్లాం చుక్కమ్మ.

“నేనే ముద్ర వేసి నేనే కంపంటే, నా మీసాలుంటాయా?”

“మీసాలకేం, ఉంటాయి. మీరుండొద్దూ?”

నాలుగు రోజులకి చుక్కచుక్కగా పడసాగింది, అందులో ఎర్రజీర. బయట ఎవరికీ చెప్పలేదు. నొప్పి దాచుకోవడం కూడా పిల్లుల ఆచారమే మరి.

అటు నేర్పయ్య సింహానికి కబురంపాడు: “మహారాజా, మా గుంట ఎంత శుభ్రమంటే, అందులో ఎవరూ అడుగే పెట్టడం లేదు!” సింహం మురిసిపోయి, సన్మానానికి శాలువా పట్టుకుని బయల్దేరాడు. ఆ ఉదయం నేర్పయ్య గుంటమీద జానెడు కొత్త ఇసుక పోయించి, మొగలిరేకులు చల్లించాడు.

శాలువా నక్క భుజాలమీద పడింది. “ఇక మా మెంబరుగారు ఆచారం చేసి చూపిస్తారు,” అన్నాడు నేర్పయ్య.

ముద్దయ్య కూర్చున్నాడు. ముక్కాడు. మూలిగాడు. ఒక్క చుక్క రాలేదు.

“ఆహా, ఏం నిగ్రహం!” అన్నాడు సింహం. కోతులు చప్పట్లు కొట్టాయి. ముద్దయ్య కళ్లు తేలేశాడు.

“నిగ్రహం కాదు నా మొహం!” చుక్కమ్మ దూకింది. “నిన్నట్నుంచీ ఈయనకి చుక్క పడలేదు!”

వైద్యుడు ఎలుగుబంటి పరుగున వచ్చి పొట్ట తడిమాడు. రాయిలా ఉంది. “మగపిల్లికి దారి సన్నం మహారాజా. పూడుకుపోయింది. ఈ పూట దాటితే దక్కడు. ఏదైనా మెత్తటిది పరవండి!”

మెత్తటిది శాలువా ఒక్కటే. చుక్కమ్మ లాగింది. నక్క వదల్లేదు, శాలువాతోపాటు తనూ వచ్చాడు.

ఎలుగు సన్నటి గడ్డిగొట్టంతో అడ్డు తొలగించాడు. ఆ తర్వాత వచ్చిన వెల్లువకి, పక్క అడవిలో కప్పలు వానొచ్చిందని పెళ్లిళ్లు పెట్టుకున్నాయి. నేర్పయ్య ఈదుకుంటూ ఒడ్డుకి చేరాడు.

“కుండెడు నీళ్లు తాగు. రోజూ ఇసుక తీయించు. ఇంకో గుంట తవ్వించు,” అన్నాడు ఎలుగు.

కాళ్లలో సత్తువ రాగానే ముద్దయ్య పుల్లమ్మ ఇంటికి వెళ్లాడు. “అత్తా, నువ్వు రావాలి.”

“పనిపడితే వరసలు పుట్టుకొస్తాయే! మీ ఆచారం ఏమైంది బాబూ?”

“ఆచారం కప్పడం వరకే అత్తా. బతికించేది తీసే చెయ్యి.”

పుల్లమ్మ మళ్లీ పనిలో చేరింది. ఆమె సరిగ్గా చేస్తోందో లేదో చూడ్డానికి నేర్పయ్య నలుగురు నక్కలతో ఒక సంఘం వేశాడు.

నీతి: కప్పిపెట్టడం వచ్చినవాడికి ఊడ్చేవాళ్లతో పనిలేదు, ఉచ్చ బిగిసేదాకా.