డాక్టర్ నాదిర్ గారి స్వతంత్ర అభిరుచి

నైలు డెల్టాలోని ఒకానొక విశ్వవిద్యాలయంలో, సమాజశాస్త్ర విభాగ పరిశోధక విద్యార్థి నాదిర్ తన సిద్ధాంత వ్యాసాన్ని పూర్తి చేశాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వ్యాసం పేరు 'మధ్యతరగతి యువతలో స్వతంత్ర అభిరుచుల నిర్మాణం'. మనిషి తనకేది ఇష్టమో, ఏది తినాలో, ఏది తొడుక్కోవాలో, ఏ పాటకు తల ఊపాలో మరొకరిని అడక్కుండా ఎలా తేల్చుకుంటాడన్నది అందులోని చర్చ. ఈ విషయాన్ని ఎంచుకున్నది నాదిర్ కాదు. అతని పర్యవేక్షకులు, విభాగాధిపతి అయిన డాక్టర్ షౌకత్ గారు ఎంచి ఇచ్చారు. నాదిర్ అప్పుడే అది తన చిన్ననాటి కల అని గ్రహించాడు.

విభాగంలో చేరిన కొత్తలో నాదిర్‌కు చాలా లోపాలుండేవి. టీలో చెంచా నిలబడేటంత చక్కెర వేసుకునేవాడు. గళ్ళ చొక్కాలు తొడిగేవాడు. ఫుట్‌బాల్‌లో ఎర్ర జట్టు గెలిస్తే వీధిలోకొచ్చి గంతులేసేవాడు, ఎందుకంటే అతని తండ్రీ తాతా కూడా అదే వీధిలో అవే గంతులు వేసినవాళ్ళు. ఉన్నత విద్య ఈ లోపాలన్నిటినీ సరిదిద్దింది. ఇందుకోసం షౌకత్ గారు ఎన్నడూ నోరు చేసుకోలేదు. ఆయన అంత చిన్న మనిషి కాదు. ఒకరోజు నాదిర్ గ్లాసు వైపు చూసి, "ఇంకా చక్కెర నీళ్ళు తాగే వయసేనటయ్యా?" అన్నారు, అంతే. మర్నాటి నుంచి నాదిర్ చక్కెర లేని కాఫీలోకి దిగాడు. మొదటి గుక్కకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. రెండో గుక్కకు "అసలు రుచంటే ఇదీ" అన్నాడు. వినవలసినవారికి వినపడేటట్టే అన్నాడు.

గళ్ళ చొక్కాలు తమ్ముడికి పోయాయి. ఎర్ర జట్టు కూడా పోయింది. షౌకత్ గారిది తెల్ల జట్టు. తెల్ల జట్టు ఓడిపోయిన వారం ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టరు. కాబట్టి ఆ జట్టు ఓడినప్పుడల్లా నాదిర్ పడే దుఃఖంలో కల్తీ ఏమీ లేదని ఒప్పుకోవాలి. సాయంత్రాలు కాఫీ కొట్టులో షౌకత్ గారితో పాచికల ఆటకు కూర్చునేవాడు. ఓడిపోవడం ఎవడికైనా చేతనవుతుంది. గెలుపు అంచుదాకా వెళ్ళి, పెద్దాయనకు కాస్త చెమట పట్టించి, ఆఖర్న నమ్మదగ్గ తప్పు ఒకటి చేసి ఓడటం మాత్రం ఉన్నత చదువులు చదివినవాళ్ళకే సాధ్యం. ఈ విద్యలో నాదిర్‌ను మించినవాడు విభాగంలో లేడు.

పగటివేళ పరిశోధన సాగేది. పొద్దున షౌకత్ గారి కారు వచ్చేసరికి నీడలో చోటు కాచి ఉంచడం, సంచీ మోయడం, వారి సతీమణి గారి కళ్ళజోడు బాగుచేయించుకురావడం, వారి క్లాసులు చెప్పడం. మధ్యలో తీరిక దొరికితే యువకులను కలిసి వాళ్ళ స్వతంత్ర అభిరుచులను గురించి ప్రశ్నలు వేసేవాడు. కుర్రాళ్ళు మర్యాదస్తులు. "మీకేం రాసుకుంటే బాగుంటుందో అది రాసుకోండి డాక్టర్ గారూ, మాదేముంది!" అనేవారు. మా దగ్గర పరిశోధనలో చేరినవాణ్ణి ఆ మరునిమిషం నుంచి డాక్టరనే పిలుస్తారు. వీధి కాపలావాడూ, ఉడికించిన చిక్కుడు గింజలమ్మే ఫూల్ బండివాడూ, చివరికి బాకీ వసూలుకొచ్చినవాడూ అలాగే పిలుస్తారు. పట్టా రావడమన్నది ఆ తర్వాత జరిగే చిన్న లాంఛనం.

ఇన్ని లోపాలు పోయినా ఒక్కటి మాత్రం పోనని మొండికేసింది. అది ఫసీఖ్. ఉప్పులో వేసి, వాసన వీధి దాటేదాకా మాగబెట్టిన చేప. నాదిర్ తల్లి ఇన్సాఫ్ పుట్టిల్లు నబరూహ్. ఈ చేప మాగబెట్టడంలో ఆ ఊరివాళ్ళ తర్వాతే ఎవరైనా. వసంతం రాగానే షమ్ అల్ నసీమ్ పండుగనాడు దేశమంతా పచ్చిక మీద చతికిలబడి, ఉల్లికాడలూ నిమ్మకాయలూ ముందేసుకుని దీన్ని తింటుంది. ఇన్సాఫ్ తన చేత్తో ముళ్ళు తీసి, నిమ్మరసం పిండి, రొట్టెలో చుట్టి కొడుకు నోట్లో పెట్టేది. గెడ్డం వచ్చినా సరే, ఆ ఒక్కరోజు ఆమె చేత్తోనే తినేవాడు.

ఒక ఏడాది పండుగ ముందు షౌకత్ గారు క్లాసులో ఒక మాటన్నారు. "కుళ్ళిన చేప తినే జాతి తాజాగా ఎలా ఆలోచిస్తుంది?" క్లాసంతా రాసుకుంది. పండుగనాడు ఇన్సాఫ్ పళ్ళెం పెడితే నాదిర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏరా, ఈ చేప తింటూనే నిన్ను కన్నాను. ఇప్పుడు వాసనొచ్చిందా?" అంది ఇన్సాఫ్.

"ఆరోగ్యానికి మంచిది కాదమ్మా. డాక్టర్ షౌకత్ గారు కూడా..."

"జ్వరమొస్తే ఆయన సూదేస్తాడా?"

"ఆయన ఆ డాక్టరు కాదమ్మా."

"మరి నా చేప సంగతి ఆయనకెందుకురా?"

ఈ ప్రశ్నకు సమాజశాస్త్రంలో ఇంకా సమాధానం రాలేదు. ఆ తర్వాత ప్రతి వసంతానా నాదిర్ పండుగ పూట షౌకత్ గారింట్లోనే గడిపాడు, అక్కడ ఉడికించిన కోడి పెడతారు. ఇన్సాఫ్ మిద్దె మీద ఇరుగమ్మతో కూర్చుని తినేది, తిన్నంతసేపూ వీధి వైపే చూసేది. చివరికి ఒకరోజు కొడుకు దారికి అడ్డంగా నిలబడింది.

"నాకు నీ పట్టాలూ అవీ తెలియవు నాన్నా. నువ్వూ డాక్టరువైపోతే ఇక ఎవరి ముఖమూ చూడక్కర్లేదు కదా? ఆ రోజు నా చేతి ముద్ద ఒక్కటి తిను. ఒట్టెయ్యి."

"అలాగేనమ్మా. నీమీదొట్టు."

ఆమెకు కావలసింది అదొక్కటే, కొడుకు మళ్ళీ తన పళ్ళెం దగ్గరికి రావాలి. పట్టా ఆ దారిలో తగిలే గుమ్మం.

పరీక్ష షమ్ అల్ నసీమ్ మర్నాడని ఖాయమైంది. మా విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత వ్యాసాన్ని బహిరంగంగా పరీక్షిస్తారు, అందుకని బంధువులందరూ వస్తారు. పరీక్షకుల కోసం పక్కగదిలో విందు పెట్టడం ఆచారం. అభ్యర్థులు విందులు పెట్టరాదని డీన్ గారు ఏటా కఠినమైన ఉత్తర్వు జారీ చేస్తారు. ఉత్తర్వును పక్కగది తలుపు మీదే అంటించి, అమలు ఎలా జరుగుతోందో చూడటానికి అందరికంటే ముందు పళ్ళెం అందుకుంటారు. నాదిర్ వ్యాసంలో అధ్యాయాలు ముందువెనకలై ఉండవచ్చు గానీ విందులో ఏ లోపమూ లేదు. షౌకత్ గారికి నచ్చే ద్రాక్షాకు చుట్టలు, షౌకత్ గారికి నచ్చే బాతు, షౌకత్ గారికి పడని వెల్లుల్లి తగలని ప్రతి వంటకమూ బల్ల మీద ఉన్నాయి. కాలేజీ గేటుకు 'డాక్టర్ నాదిర్‌కు అభినందనలు' అని మేనమామలు ముందురోజే గుడ్డ కట్టించారు. పరీక్ష ఫలితం గుడ్డను బట్టి రావలసి ఉంటుంది.

నబరూహ్ నుంచి చిన్న బస్సులో బంధువులు దిగారు. ఇన్సాఫ్ చేతిలో కాగితాలూ ప్లాస్టిక్ సంచులూ పొరలు పొరలుగా చుట్టిన డబ్బా ఒకటి ఉంది. ఫలితం చెప్పగానే, అక్కడికక్కడే, ఒట్టు చెల్లించుకోవాలని ఆమె పట్టుదల. డబ్బాను కుర్చీ కింద పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

మొదట షౌకత్ గారు ప్రసంగించారు. "సభ్యులారా! పరిశోధకుడంటే ఎవరు? తన కళ్ళతో చూసేవాడు, తన కాళ్ళ మీద నడిచేవాడు, తన నాలుకతో రుచి చూసేవాడు! నా శిష్యుణ్ణి చూడండి. నేను వద్దన్నది ఏదీ చేయకుండా, ఇంత స్వతంత్రంగా ఎదిగిన మరో యువకుణ్ణి చూపించండి!" మేనమామలు చప్పట్లు కొట్టారు.

రాజధాని నుంచి వచ్చిన పరీక్షకురాలు డాక్టర్ లుత్ఫియ్య గారు. ఆవిడ అక్కడి ఉన్నత విద్యా సంఘానికి అధ్యక్షురాలు. ఆ సంఘంలో సభ్యత్వం కోసం షౌకత్ గారు చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు. ఆవిడ వ్యాసాన్ని మూసి, కళ్ళజోడు తీశారు.

"నాయనా, అభిరుచి మనిషి సొంతమని పేజీ పేజీకీ రాశావు. పుస్తకం పక్కన పెట్టేద్దాం. డాక్టర్ షౌకత్ గారికి నచ్చనిది, నీకు నచ్చేది, ఏదైనా ఒక్కటి చెప్పు. పాటో, చొక్కానో, తిండో, ఏదైనా సరే."

  నిమ్మరసం కారే ఉప్పటి చేపముక్క, ఉల్లికాడ ఘాటు, అమ్మ వేళ్ళు, అన్నీ ఒక్కసారి నాదిర్ నాలుక మీదికొచ్చాయి. నోట్లో నీళ్ళు కూడా ఊరాయి. ముందు వరసలోంచి ఇన్సాఫ్ "చెప్పరా, చెప్పు" అని గొణిగింది. నాదిర్ తల తిప్పి షౌకత్ గారిని చూశాడు. షౌకత్ గారు కలం మూతను పరిశీలిస్తున్నారు. నాదిర్ ఊరిన నీళ్ళు మింగేశాడు.

"మేడమ్, ఆయనకు నచ్చనిది నాకు నచ్చడమనే సందర్భం పరిశోధనలో నాకెక్కడా ఎదురుపడలేదండీ."

మేనమామలు మళ్ళీ చప్పట్లు కొట్టారు. "ఇక నేనడిగేదేం లేదు" అన్నారు లుత్ఫియ్య గారు. మూడో పరీక్షకుడు మేలుకుని, మార్జిన్లు ఇంకాస్త వెడల్పుగా ఉండాలని సూచించాడు. పరీక్షకులు ఫలితం తేల్చడానికి పక్కగదిలోకి వెళ్ళారు.

అక్కడ జరిగింది ఒక పొరపాటు. పళ్ళేలు లోపలికి చేరవేస్తున్న మేనమామ, కుర్చీ కింది డబ్బా కూడా విందులోదే అనుకుని దాన్నీ పట్టుకెళ్ళి బాతు పక్కన పెట్టాడు. ఎంతో సేపు గడవలేదు, తలుపు కింది సందులోంచి వాసన బయలుదేరింది. వసారాలో నిలబడ్డ నాదిర్ అది ముక్కుకు తగలగానే తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా! ఏం తెచ్చావు నువ్వు?"

"నీ ముద్దేరా. డబ్బా ఏదీ? కుర్చీ కిందే ఉండాలే!"

"ఆ కంపు తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టించావా? నా కొంప ముంచావు కదే! పల్లెటూరి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

బంధువులందరి ముందూ అన్నాడు. ఇన్సాఫ్ తలగుడ్డ చెంగుతో మూతి తుడుచుకుంది, అంతే. ఈ ఘట్టాన్ని చూసి మాకు నిజంగానే బాధ కలిగింది. అయితే ఉన్నత విద్య విషయంలో ఇలాంటివి లెక్కలోకి రావు.

తలుపు తెరుచుకుంది. పరీక్షకుల పెదాలు మెరుస్తున్నాయి. అభ్యర్థికి ప్రథమ శ్రేణి గౌరవంతో డాక్టర్ పట్టా ప్రదానం చేయాలనీ, వ్యాసాన్ని అచ్చువేసి విశ్వవిద్యాలయాలన్నిటికీ పంచాలనీ సిఫారసు చేస్తున్నట్టు షౌకత్ గారు నిలబడి చదివారు. ఆడవాళ్ళు నాలుకలాడించి కిలకిలరావాలు ఎత్తుకున్నారు. చదవడం ముగియగానే షౌకత్ గారు మళ్ళీ లోపలికి గబగబా వెళ్ళిపోయారు. నాదిర్ బితుకుబితుకుమంటూ వెంట వెళ్ళాడు.

లోపల డబ్బా విప్పి ఉంది. విప్పింది లుత్ఫియ్య గారు. రొట్టె తుంచి, ఉల్లికాడ కొరికి, కళ్ళు మూసుకుని తింటున్నారు. గుమ్మంలో నిలబడ్డ ఇన్సాఫ్‌ను చూసి, "ఇది మీ చేతిదేనామ్మా? పొద్దుట్నుంచి ఈ భవనంలో తన వాసన దాచుకోనిది ఇదొక్కటే కనపడింది!" అన్నారు. ఆవిడ పక్కనే షౌకత్ గారు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, లొట్టలు వేస్తూ ముళ్ళు తీస్తున్నారు.

"నాకు చిన్నప్పట్నుంచీ ఫసీఖ్ అంటే ప్రాణం మేడమ్. ఇది తెలియనివాడికి ఈ దేశం తెలియదు!" అన్నారాయన. ఆయన ప్రాణం చిన్నప్పటిదో ఇప్పటిదో తేల్చడానికి ఇంకా ఎవరూ పరిశోధన చేపట్టలేదు.

ఇన్సాఫ్ లోపలికొచ్చింది. వసారాలో జరిగింది దిగమింగుకుని, ముళ్ళు తీసి, నిమ్మరసం పిండి, ముద్ద చుట్టి కొడుకు నోటి దగ్గర పెట్టింది. "డాక్టరువైపోయావు నాన్నా. ఇంక నీకెవరూ అడ్డం లేరు. తిను."

నాదిర్ నోరు తెరవలేదు. ముందు షౌకత్ గారి వైపు చూశాడు.

"తినవయ్యా, తిను!" అన్నారు షౌకత్ గారు నిండిన నోటితో.

అప్పుడు తెరిచాడు. నమిలాడు. "అద్భుతం డాక్టర్ గారూ! మీరు చెప్పినట్టే ఉంది!" అన్నాడు, షౌకత్ గారితో.

ఇన్సాఫ్ చెయ్యి తుడుచుకుంది. మిగిలిన చేపను డబ్బాలో సర్ది, మూతపెట్టి, సంచీ ముడివేసింది. "నేను పెట్టింది తినలేదురా నువ్వు. ఆయన పెట్టింది తిన్నావు" అని చిన్న బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు డాక్టర్ నాదిర్ గారు అదే విభాగంలో పాఠాలు చెబుతున్నారు. వసంతంలో విభాగమంతా పచ్చిక మీద కూర్చుని ఫసీఖ్ తినడం ఆనవాయితీ అయింది. ఆ వాసనకు కడుపులో తిప్పే శిష్యుడొకడు కొత్తగా చేరాడు. నాదిర్ గారు ఎవరినీ బలవంతపెట్టరు. ఆ కుర్రాడి పళ్ళెం వైపు ఒకసారి చూస్తారు, అంతే. పోయిన పండక్కి వాడు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ "అసలు రుచంటే ఇదీ" అన్నాడు. ఇన్సాఫ్ మాత్రం ఇప్పటికీ మిద్దె మీదే తింటుంది, కాకపోతే వీధి వైపు చూడటం మానేసింది.

ఈ కథ మీకు నచ్చిందో లేదో తొందరపడి చెప్పకండి. మీ పైవారికి నచ్చిందో లేదో ముందు కనుక్కోండి.