సమితివారి విసుర్రాయి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక సోమవారం ఉదయం ఓబులేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. బుగ్గవంక దాటి సిద్దమ్మ ఇంటికి పోవాలి. విసుర్రాయి పాటలు పది రాసుకోవాలి. సాయంత్రం ఐదింటికి కడప జానపద గేయ సమితి కార్యదర్శి నాగేశ్వరయ్యగారి బల్లమీద ఆ పుస్తకం పెట్టాలి. పెడితే సమితిలో ఉద్యోగం తనది. లేకపోతే రాయచోటినుంచి వచ్చి సత్రంలో దిగిన మరో బి.ఏ.ది.

ఓబులేసు బి.ఏ. ప్యాసై రెండేళ్ళయింది. "మీవాడు ఏం చేస్తాండాడు?" అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేక వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ ఆ రెండేళ్ళూ నీళ్ళకు పక్కవీధి బావికి పోయింది. ఇప్పుడు ఉద్యోగం ఇంకా చేతికి రాకముందే వీధంతా చక్కెర పంచేసింది. "మావానిది ఎండలో తిరిగే పని కాదమ్మా, కూర్చొని చేసే పని," అని గడప గడపకూ చెప్పింది. పంచిన చక్కెర వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరం?

సిద్దమ్మకు అరవై దాటాయి. ఆమెకు వచ్చినన్ని పాటలు ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. ఓబులేసు పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాడు. "పాడవ్వా."

"అత్త కొలిచిన జొన్నలూ..." అని ఎత్తుకుని ఆమె ఆగిపోయింది. కుడిచెయ్యి మాత్రం గాలిలో రెండు చుట్లు తిరిగింది.

"తర్వాత?"

"రాలేదు నాయనా. రాయి తిరగందే పాట యాడ వస్తాది?"

"రాయి ఉండాది గదవ్వా!"

"ఉండాది. వట్టిరాయి తిప్పితే రాయే అరుగుతాది. జొన్నల్యావు."

ఓబులేసు పరుగున పోయి వీధి చివర అంగట్లో రెండు సేర్లు తెచ్చాడు. ఆమె పిడికెడు పోసి పిడి పట్టుకుంది. "ఎదురుగా ఇంకొకరు పట్టాల. కోడలు పుట్టింటికి పాయ. ఒక్కదాన్నే తిప్పే వయసా నాది?"

ఓబులేసు పెన్సిల్ చెవిమీద పెట్టి తానూ పిడి పట్టుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

పాట వచ్చింది. అబ్బా, ఏం పాట! మామ పిసినారితనం, ఆడబిడ్డ మూతివిరుపులు, అన్నీ వరసగా దొర్లుకుంటూ వచ్చాయి. ఓబులేసు ఒళ్ళు పులకరించి, గబుక్కున పిడి వదిలి పెన్సిల్ అందుకున్నాడు. రాయి ఆగింది. పాటా ఆగింది.

"ఏమప్పా, ఆపితివి? తెగిపాయ గదా. మళ్ళా మొదట్నించీ తిప్పు."

మూడుసార్లు తిప్పాడు. మూడుసార్లూ తెగింది. అప్పుడు, ముందు పాటలన్నీ వినేసి తర్వాత తీరిగ్గా రాసుకుందామని నిశ్చయించుకున్నాడు. బి.ఏ. చదివిన బుర్ర కదా!

పక్కింటి పుల్లమ్మ గోడమీదుగా తొంగి చూసి ముక్కున వేలేసుకుంది. మగవాడు, అందులోనూ ఇస్త్రీ చొక్కావాడు, పిండి విసరడం ఆమె పుట్టి ఎరగదు.

"ఎవురమ్మా ఆ పిల్లోడు?"

"సమితోళ్ళు పంపినారులే," అంది సిద్దమ్మ.

ఆమె అన్నది అంతే. నాలుగిళ్ళు దాటేసరికి "పిండి ఇసిరేదానికి సమితోళ్ళు మనిషిని ఏసినారంట" అయింది. వీధి మలుపు తిరిగేసరికి "ఇంటికి రెండు సేర్లు ఊరికే ఇసిరిస్తారంట" అయింది. పుల్లమ్మ రాగుల బుట్టతో వచ్చి నిలబడింది. ఓబులేసు వద్దనబోయాడు.

"రాగులకు వేరే పాట ఉండాదిలేప్పా," అంది సిద్దమ్మ.

అతనికి పది పాటలు కావాలి మరి. మళ్ళీ పిడి పట్టుకున్నాడు. వెనకే సుంకులమ్మ సజ్జలు తెచ్చింది. మధ్యాహ్నానికి బుట్టల వరస మలుపుదాకా పోయింది, వరసలో చోటుకోసం ఇద్దరు కొప్పులు పట్టుకున్నారు. ఓబులేసు ప్రతి బుట్టలోనూ ఒక పాటను చూశాడే గాని అరచేతుల్లో బొబ్బలు చూసుకోలేదు.

నాలుగింటికి నాగేశ్వరయ్యగారి బట్టలకొట్టుకు కబురు చేరింది, సమితి పేరు చెప్పి ఎవరో ఊరికే పిండి పంచుతున్నారని. ఆయన మండిపడుతూ జట్కా ఎక్కి వచ్చాడు. రాయి దగ్గర జుట్టు, మీసం తెల్లగా ఉన్న మనిషి కనిపించాడు.

"పెద్దాయనా, ఓబులేసని ఒకాయన వచ్చినాడే, యాడ పోయినాడు?"

"నేనే సార్."

ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. ఒకే ఒక్క పంక్తి, దానిమీద పిండి వేలిముద్ర. "పొద్దన్నుంచీ నువ్వు చేసిందిదా? రేపట్నించి ఆ రాయచోటాయన వస్తాడులే. నువ్వు ఈడ్నే ఉండి ఇసురుకో!"

చక్కెర తిన్న ముఖాలన్నీ ఓబులేసు కళ్ళముందు తిరిగాయి. "పాటలన్నీ నోటికొచ్చినాయి సార్!"

"అయితే పాడు."

నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు. కుడిచెయ్యి మాత్రం గాలిలో రెండు చుట్లు తిరిగింది.

సిద్దమ్మ పకపకా నవ్వింది. "రాయి తిరగందే యాడ వస్తాది సామీ, ఎంత సదివినోనికైనా!" అంటూ పిడి పట్టుకుంది. ఓబులేసు ఎదురుగా కూర్చుని తిప్పాడు. అత్త కొలిచిన జొన్నలు మొదలుకొని పాటమీద పాట అతని నోటినుంచే దొర్లింది. నాగేశ్వరయ్య ఓబులేసు చెవిమీది పెన్సిల్ లాక్కుని నేలమీద చతికిలబడ్డాడు.

"నిదానమప్పా, నిదానం! ఆపొద్దు, ఆపితే తెగిపోతాది!"

ఏడో పాట ఆయన తల్లి పాడేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పిండి పడిందన్నాడు. మొత్తం పదకొండు పాటలు కార్యదర్శిగారు స్వహస్తాలతో రాసుకున్నారు.

మరునాడు ఓబులేసు ఉద్యోగంలో చేరాడు. విసిరేవాడు రాయలేడు కాబట్టి, రాసేందుకు రాయచోటి బి.ఏ.నూ వేసుకున్నారు. బల్ల, కుర్చీ ఆయనకిచ్చారు. ఓబులేసుకు సమితి గది మధ్యలో విసుర్రాయి వేయించారు. దాని పక్కన, నాగేశ్వరయ్యగారి భార్య రాజ్యలక్ష్మమ్మ ఇంటినుంచి పంపిన రెండు మూటల జొన్నలున్నాయి.

వెంకటలక్ష్మమ్మ చెప్పిన మాట పొల్లుపోలేదు, అది కూర్చొని చేసే పనే.